కొండ మీది మొక్క నుంచి ఓపీ చీటీ దాకా: గంజాయి రవాణా, చట్టం, చికిత్స

ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగంలో మా బంధువు ఒకరిని చూపించడానికి లైన్లో నిలబడ్డాను. నా ముందు ఒకావిడ, ఆమె వెనకాల పందొమ్మిదేళ్ల కుర్రాడు. తల దించుకుని చేతిలోని ఫోన్ కవర్‌ను గోరుతో గీకుతున్నాడు. చీటీ రాసే అబ్బాయి పేరడిగితే ఆవిడ చెప్పలేదు. కిటికీలోకి వంగి, గొంతు తగ్గించి, "పేరు రాస్తే పోలీసులకు వెళ్తుందా నాయనా?" అంది.

రోజూ పేపర్ తిరగేస్తే "గంజాయి పట్టివేత", "డ్రగ్స్ ముఠా అరెస్టు" అని ఏదో ఒక వార్త ఉంటుంది. పట్టుకున్న ప్యాకెట్లను బల్ల మీద పేర్చి, వెనక ముసుగులు వేసిన నిందితులను నిలబెట్టిన ఫోటో ఉంటుంది. ఆవిడ భయమంతా ఆ ఫోటో నుంచి వచ్చిందే. ఇంట్లో పిల్లాడికి మత్తు అలవాటైందని తెలిసిన రోజున ఏ తల్లిదండ్రులకైనా ఆస్పత్రి కంటే ముందు గుర్తొచ్చేది స్టేషనే. మత్తు రవాణా వేరు, మత్తు వ్యసనం వేరు. చట్టంలోనూ రెండిటికీ తేడా ఉంది. ఆ తేడా ఇళ్లలో తెలియక ఎంతోమంది చికిత్స దాకా రావడం లేదు. అందుకే సరుకు ఎక్కడ పుడుతుందో మొదలుపెట్టి, ఆ తల్లి ప్రశ్నకు జవాబు దాకా వరసగా చూద్దాం.

సరుకు ఎక్కడ పుడుతుంది, ఎటు పోతుంది

పోలీసులు, విలేకరులు "ఏవోబీ" అని పిలిచేది ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండలను. ఇటువైపు అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి, జి.కె.వీధి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు లాంటి మండలాలు. అటువైపు ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ జిల్లాలు. తేమ గల చల్లటి వాతావరణం, రోడ్డు చేరని లోయలు, ఏళ్ల తరబడి మావోయిస్టుల వల్ల పోలీసులు సులువుగా అడుగు పెట్టలేని పరిస్థితి, ఇవన్నీ కలిసి అక్కడ గంజాయి సాగు పెరిగింది. "శీలావతి" అనే రకానికి బయటి రాష్ట్రాల్లో గిరాకీ ఎక్కువ. వానాకాలం మొదట్లో నాటితే చలికాలం నాటికి కోతకొస్తుంది.

పండించేది ఆదివాసీ రైతే అయినా పెట్టుబడి అతనిది కాదు. విత్తనం, ఎరువు, అడ్వాన్సు పట్టుకుని కొండ ఎక్కేది దిగువ నుంచి, పక్క రాష్ట్రాల నుంచి వచ్చే వ్యాపారులు. రైతుకు దక్కేది రాగులు, పసుపు అమ్మితే వచ్చేదానికంటే ఎక్కువే. కానీ నగరంలో పొట్లాలు కట్టి అమ్మే ధరతో పోలిస్తే అది చాలా చిన్న మొత్తం. కొండ నుంచి దిగే ప్రతి మజిలీలోనూ ధర పెరుగుతుంది, ఎందుకంటే ప్రతి మజిలీలోనూ దొరికిపోయే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదానికి కట్టే ఖరీదే ఈ వ్యాపారంలో లాభం.

2021–22లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు "ఆపరేషన్ పరివర్తన" పేరుతో ఏడు వేల ఎకరాలకు పైగా తోటలను నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని కుప్పలు పోసి తగలబెట్టారు. ఆ తర్వాత డ్రోన్లు, ఉపగ్రహ చిత్రాలతో నిఘా పెరిగింది. 2024 నవంబరులో "ఈగల్" అనే ప్రత్యేక విభాగం వచ్చింది. తెలంగాణలో 2023లో మొదలైన యాంటీ నార్కోటిక్స్ బ్యూరోకు కూడా 2025లో ఈగల్ అనే పేరే పెట్టారు. ఆంధ్ర వైపు సాగు బాగా తగ్గిందని పోలీసులు చెప్తున్నారు. అయితే సరిహద్దు గీత కొండకు తెలియదు. ఒడిశా వైపు పండిన సరుకుకు ఇప్పటికీ మన రోడ్లే దారి. సీలేరు, చింతపల్లి మీదుగా నర్సీపట్నం దిగి జాతీయ రహదారి ఎక్కడం ఒక దారి. చింతూరు, భద్రాచలం మీదుగా ఖమ్మం, హైదరాబాద్ చేరి అక్కడి నుంచి మహారాష్ట్ర, కర్ణాటకలకు పోవడం ఇంకో దారి. విశాఖ నుంచి రైళ్లు ఉండనే ఉన్నాయి.

బస్తా మోసేవాడికీ వ్యాపారికీ సంబంధం ఉండదు, అలా ఉండకుండా చూసుకుంటారు కూడా. ముందు ఒక బైకు వెళ్తుంది, దాన్ని "పైలట్" అంటారు. చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ఉంటే వెనక వస్తున్న కారుకు ఫోన్ చేస్తాడు. కారులో సీటు కింద, డిక్కీ అడుగున రేకుతో చేసిన అరలు ఉంటాయి. వాసన బయటకు రాకుండా గోధుమ రంగు టేపు చుట్టిన ప్యాకెట్లను వాటిలో పేర్చుతారు. డ్రైవరుకు ఒక నంబరు మాత్రమే తెలుసు, దిగాక ఆ నంబరు స్విచ్చాఫ్. పట్టుబడేది ఎక్కువగా ఈ డ్రైవర్లు, పైలట్లు, రైల్లో బ్యాగు పెట్టుకుని కూర్చునే కూలీలు, ఆడవాళ్లు. ఎఫ్ఐఆర్‌లో ఏ1, ఏ2 వాళ్లే అవుతారు. డబ్బు పెట్టినవాడి పేరు పక్కన "పరారీలో ఉన్నాడు" అని ఉంటుంది.

ఈ మధ్య రూపం కూడా మారింది. గంజాయి నుంచి తీసిన చిక్కటి నూనెను, అంటే హ్యాష్ ఆయిల్‌ను, చిన్న డబ్బాల్లో తరలిస్తున్నారు. బస్తాల సరుకు సంచిలో ఇమిడిపోతుంది.

చట్టం దృష్టిలో గంజాయి అంటే ఏది

ఇదంతా నడిచేది మత్తు పదార్థాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద. అందులో గంజాయికి ఉన్న నిర్వచనం చాలామంది అనుకునేది కాదు. మొక్క పూత, కాయ ఉన్న చిగుళ్లే "గంజాయి". పూత లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. ఉత్తరాదిలో ప్రభుత్వ లైసెన్సుతో, ఆకులతో చేసే భంగు అమ్మే దుకాణాలు ఉండటానికి కారణం ఇదే. మొక్క జిగురుతో చేసే చరస్, హ్యాష్ ఆయిల్ వేరే తరగతి, వాటికి పరిమితులు ఇంకా కఠినం. బస్తాలో పూతతోపాటు ఆకులు, కాడలు కలిపి తూస్తే వచ్చిన బరువు సరైనదేనా అని కోర్టుల్లో లాయర్లు వాదించేది కూడా ఈ నిర్వచనం పట్టుకునే.

శిక్ష ఎంత అనేది ప్రధానంగా బరువు మీద ఆధారపడుతుంది. ప్రతి మత్తు పదార్థానికీ రెండు గీతలు గీశారు. మొదటి గీత లోపల ఉంటే "చిన్న పరిమాణం", రెండోది దాటితే "వాణిజ్య పరిమాణం", ఆ రెండిటి మధ్య ఉంటే మధ్యస్థ పరిమాణం. గంజాయికి ఆ గీతలు 1 కిలో, 20 కిలోలు. చరస్, హ్యాష్ ఆయిల్‌కు 100 గ్రాములు, 1 కిలో. హెరాయిన్‌కు 5 గ్రాములు, 250 గ్రాములు. ఎండీఎంఏ అనే రసాయన మత్తుకు అర గ్రాము, 10 గ్రాములు. పబ్ బయట కుర్రాడి జేబులో దొరికిన చిన్న ఎండీఎంఏ పొట్లం, లోయలో దొరికిన గంజాయి బస్తాతో సమానమైన కేసు ఎందుకు అవుతుందో ఈ అంకెలు చూస్తే అర్థమవుతుంది.

మూడు ఉదాహరణలు, మూడు రకాల కేసులు

డిగ్రీ రెండో సంవత్సరం కుర్రాడి దగ్గర 40 గ్రాముల గంజాయి దొరికిందనుకుందాం. అది చిన్న పరిమాణం. గరిష్ఠ శిక్ష ఏడాది జైలు, లేదా 10 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దగ్గర ఏమీ దొరక్క, తాగినట్టు మాత్రమే తేలితే వేరే సెక్షన్ ఉంది. గంజాయి విషయంలో దాని కింద గరిష్ఠం 6 నెలలు.

అదే కుర్రాడు నలుగురు స్నేహితుల దగ్గర డబ్బు పోగేసి, "ఒకేసారి తెస్తే చవక" అని కిలోన్నర తెచ్చాడనుకుందాం. అమ్మే ఉద్దేశం లేదు, వాళ్ల వరకే. కానీ బరువు 1 కిలో దాటింది, కేసు తరగతి మారిపోయింది. ఇప్పుడు పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడే అవకాశం ఉంది. "మేం అమ్మలేదు సార్" అన్న మాట శిక్ష తగ్గించడానికి పనికొస్తుందేమో గానీ తరగతిని మార్చదు. చాలామంది విద్యార్థులకు ఈ ఒక్క విషయం తెలియదు.

మూడోది ఏజెన్సీ గ్రామంలోని ఆటో డ్రైవరు కథ. నర్సీపట్నం దాకా రెండు సంచులు దింపితే కొన్ని వేలు ఇస్తామన్నారు. సంచుల్లో 22 కిలోలు ఉంది. ఇది వాణిజ్య పరిమాణం, నేరం రుజువైతే కనీసం పదేళ్లు, గరిష్ఠం ఇరవై ఏళ్లు, జరిమానా కనీసం లక్ష. కనీస శిక్షను జడ్జి తగ్గించలేరు. బెయిలు ఇంకా కష్టం. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి సహేతుకమైన కారణాలు ఉన్నాయని, బయటకొస్తే మళ్లీ నేరం చేయడని కోర్టుకు అనిపిస్తే తప్ప బెయిలు ఇవ్వకూడదని 37వ సెక్షన్ అంటుంది. మామూలు కేసుల్లో నేరం రుజువు చేయాల్సింది పోలీసులు. ఇక్కడ సరుకు స్వాధీనంలో ఉందని తేలితే, అందులో ఏముందో తనకు తెలియదని నిరూపించుకునే భారం చాలావరకు నిందితుడి మీదకు వస్తుంది.

ఇంత కఠినత్వం ముఠాల కోసమే పెట్టారు. దాన్ని సమర్థించేవాళ్ల వాదనలో బలముంది: సరుకు మోసేవాళ్లను వదిలితే వ్యాపారి రేపే ఇంకొకర్ని పెట్టుకుంటాడు, కాబట్టి మోయడమే భయపడాల్సిన పని కావాలి. అవతలి వాదన కూడా వాస్తవమే. డబ్బు పెట్టినవాడు దొరక్కుండా, ఐదారు వేల కోసం బస్తా మోసినవాడు ఏళ్ల తరబడి విచారణ ఖైదీగా ఉండిపోతే ముఠాకు తగిలిన దెబ్బ ఏమీ లేదు. పెట్టుబడి పెట్టినవాళ్ల మీద పెట్టడానికి 27ఎ అనే సెక్షన్ చట్టంలో ఉంది, దానికీ పదేళ్ల కనీస శిక్ష ఉంది. బ్యాంకు ఖాతాలు, ఆస్తుల దాకా వెళ్లే దర్యాప్తు ఎక్కువైతే ఈ రెండు వాదనల మధ్య దూరం చాలా తగ్గుతుందని నా అభిప్రాయం.

ఆ తల్లికి తెలియాల్సిన 64ఎ

ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. వాడినందుకు గానీ, చిన్న పరిమాణం దగ్గర ఉన్నందుకు గానీ కేసు పడిన వ్యసనపరుడు తనంతట తాను ముందుకొచ్చి, ప్రభుత్వ ఆస్పత్రిలోనో ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్స తీసుకుంటే ఆ నేరాలకు ప్రాసిక్యూషన్ ఉండదు.

దీనికి హద్దులున్నాయి. మొదటిది, ఇది చిన్న పరిమాణానికే వర్తిస్తుంది. పైన చెప్పిన కిలోన్నర కుర్రాడికి ఇది పనిచేయదు. రెండోది, చికిత్స మధ్యలో మానేస్తే రక్షణ వెనక్కి తీసుకోవచ్చు. మూడోది, "వ్యసనపరుడు" అని చూపించగలగాలి. సరదాకి ఒకసారి తాగి దొరికినవాడు ఆ మాట కిందికి వస్తాడా అన్నది వాదనకు తావున్న విషయం. ఇదిగాక 39వ సెక్షన్ ఉంది. శిక్ష పడ్డాక కూడా, చిన్న నేరాల్లో, వ్యసనపరుడిని జైలుకు బదులు చికిత్సకు పంపే అధికారం దాని ద్వారా కోర్టుకు వచ్చింది.

ఇక ఓపీ చీటీ సంగతి. ఏ కేసూ లేకుండా చికిత్స కోసం నడిచి వచ్చినవాడి పేరును ఆస్పత్రి పోలీసులకు పంపదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే సమస్యలను మానసిక అనారోగ్యం కిందే లెక్కేసింది. కాబట్టి ఆ చట్టం ఇచ్చే గోప్యత హక్కు వీళ్లకూ ఉంది. ఓవర్‌డోస్, ఆత్మహత్యాయత్నం, యాక్సిడెంటు లాంటివి అయితే మెడికో లీగల్ కేసు (పోలీసులకు తెలియజేసే కేసు) రాస్తారు, అది వేరే సంగతి. "నిద్ర పట్టట్లేదు, గంజాయి మానలేకపోతున్నాను" అని ఓపీకి వచ్చిన కుర్రాడి సంగతి డాక్టరుకూ అతనికీ మధ్య విషయమే.

గంజాయి ఒక్కటే కాదు: కల్తీ కల్లు పాఠం

వార్తల్లో గంజాయే ఎక్కువగా కనిపిస్తుంది. కానీ మన ప్రాంతంలో వ్యసనం ఎలా పనిచేస్తుందో నాకు బాగా అర్థం చేయించింది మాత్రం తెలంగాణలోని కల్తీ కల్లు. చెట్టు కల్లు చాలక, నీళ్లలో చక్కెర, శాకరిన్ కలిపి, మత్తు కోసం ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఇప్పుడు ఎక్కువగా అల్ప్రాజోలం పొడి కలిపి అమ్ముతారు. అల్ప్రాజోలం అసలు ఆందోళనకు, నిద్రలేమికి డాక్టర్లు రాసే మందు. మాత్ర పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము ఉంటుంది. చట్టంలో దీనికి వాణిజ్య పరిమాణం 100 గ్రాములు. శుద్ధమైన పొడి 100 గ్రాములంటే అర మిల్లీగ్రాము మాత్రలు రెండు లక్షలతో సమానం. ఒక చిన్న డబ్బాలో ఊళ్లకు ఊళ్లు నిద్రపోయేంత మందు పడుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల మూతపడ్డ చిన్న రసాయన యూనిట్లలో దీన్ని దొంగతనంగా తయారుచేస్తూ పట్టుబడిన కేసులు చాలా ఉన్నాయి.

తాగేవాళ్లకు తాము అల్ప్రాజోలం తీసుకుంటున్నామనే తెలియదు. బీడీలు చుట్టే ఆడవాళ్లు, కూలికి పోయేవాళ్లు, ముసలివాళ్లు సాయంత్రం ఒక సీసా తాగి పడుకుంటారు, అంతే. 2015లో ఎక్సైజ్ దాడులు పెరిగి సరఫరా ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో, హైదరాబాద్ ఎర్రగడ్డ ఆస్పత్రిలో జనం క్యూ కట్టారు. చేతులు వణికాయి, ఫిట్స్ వచ్చాయి, ఎవరెవరో కనిపిస్తున్నారని కేకలు వేశారు. వాళ్లలో చాలామంది "నాకు వ్యసనం లేదు, కల్లే తాగుతాను" అన్నవాళ్లే. మళ్లీ 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో దీనికి వ్యతిరేకమైన విషాదం జరిగింది. కల్తీ కల్లు తాగినవాళ్లు ఆస్పత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు.

దీన్నిబట్టి రవాణాను అరికట్టడానికీ చికిత్సకూ ఉన్న ముడి తెలుస్తుంది. సరఫరాను నరికేసిన రోజున ఆస్పత్రిలో మంచం, మందు, డాక్టరు సిద్ధంగా లేకపోతే ఆ దాడి వల్లే ప్రాణాలు పోవచ్చు. దాడులు వద్దని నేను అనడం లేదు. దాడికి వెళ్లే ముందు జిల్లా ఆస్పత్రికి కబురు పెట్టడం కూడా ఆ పనిలో భాగం కావాలంటున్నాను.

ఏ మత్తు మానితే ఒంట్లో ఏమవుతుంది

"గదిలో పెట్టి తాళం వేయండి, నాలుగు రోజుల్లో అదే దిగుతుంది." ఇళ్లలో వినిపించే సలహా ఇది. కొన్ని మత్తులకు ఇది బాధ మాత్రమే, కొన్నిటికి ప్రాణాంతకం.

అలవాటైన మందు ఆగితే శరీరం చేసే గోలను డాక్టర్లు విత్‌డ్రాయల్ అంటారు. రోజూ ఎక్కువగా మద్యం తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే కొన్ని గంటల్లో వణుకు మొదలవుతుంది, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పి లేనివి కనిపించే స్థితి రావచ్చు. ఇది ఎమర్జెన్సీ. అల్ప్రాజోలం కూడా అంతే, దాన్ని డాక్టరు పర్యవేక్షణలో వారాల తరబడి మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. హెరాయిన్, కొన్ని నొప్పి మాత్రల లాంటి ఓపియాయిడ్లు మానితే ఒళ్లంతా నొప్పులు, విరేచనాలు, ముక్కు కారడం, ఆగని ఆవలింతలు. సాధారణంగా ప్రాణం పోదు గానీ మనిషి భరించలేడు. దీనికి బుప్రెనార్ఫిన్ అనే మందును రోజూ నాలుక కింద ఇచ్చే పద్ధతి ఉంది. "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు ఇస్తున్నారు" అని దీన్ని విమర్శించేవాళ్లు ఉన్నారు. కానీ సూదులు మానడం, ఓవర్‌డోస్ చావులు తగ్గడం, మనిషి పనికి వెళ్లగలగడం దీనివల్ల సాధ్యమవుతున్నాయని వైద్యశాస్త్రంలో గట్టి ఆధారాలు ఉన్నాయి.

గంజాయి మానితే ప్రాణానికి ముప్పు రాదు. చిరాకు, కోపం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, పట్టినా పిచ్చి కలలు. మొదటి వారంలో ఎక్కువగా ఉండి రెండు మూడు వారాల్లో సర్దుకుంటాయి. ఆ వారంలోనే ఇంట్లో గొడవలు జరుగుతాయి, కుర్రాడు కంచం విసిరేస్తాడు, తండ్రి చెయ్యెత్తుతాడు. అది రోగ లక్షణమని తెలిస్తే ఆ వారం దాటడం కాస్త తేలిక. గంజాయి వ్యసనానికంటూ ఆమోదం పొందిన మందు ఏదీ లేదు. నిద్రకో, ఆందోళనకో తాత్కాలికంగా మందు రాస్తారు, అసలు చికిత్స కౌన్సెలింగే. ఇంజెక్షన్ ఇస్తారని వచ్చిన కుటుంబాలు "మాటలు చెప్పి పంపించారు" అని నిరుత్సాహపడేది ఇక్కడే.

గంజాయి తాగే ప్రతివాడూ బానిస కాడు. వాడేవాళ్లలో పదిమందిలో ఒకరికి వ్యసనం అవుతుందని, టీనేజీలో మొదలుపెట్టినవాళ్లలో ఆరుగురిలో ఒకరికి అవుతుందని పరిశోధనల్లో తరచూ కనిపించే అంచనా. చిన్న వయసులో మొదలుపెట్టి ఎక్కువగా వాడేవాళ్లలో అనుమానాలు, చెవిలో మాటలు వినిపించడం లాంటి మానసిక జబ్బుల ముప్పు పెరుగుతుంది. "మూలికే కదా, ఏం కాదు" అన్న మాట ఎంత తప్పో, "ఒక్కసారి తాగితే జీవితం అయిపోయినట్టే" అన్న మాట కూడా అంతే తప్పు. రెండో మాట విన్న పిల్లలు ఒకసారి తాగి ఏమీ కాలేదని చూశాక పెద్దల మాటలేవీ నమ్మరు.

మద్యం విషయంలో ఒక సంగతి చెప్పాలి. కూరలోనో టీలోనో తెలియకుండా కలిపి పెట్టే "మందు మాన్పించే పొడి"లో చాలాసార్లు డైసల్ఫిరామ్ ఉంటుంది. ఆ మందు ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ప్రాణం మీదకు రావచ్చు. డాక్టరు దీన్ని రోగికి చెప్పి, అతను ఒప్పుకున్నాకే ఇస్తారు. ప్రేమతో, విసిగి, దిక్కుతోచక పొడి కలిపే భార్యల బాధ నాకు అర్థమవుతుంది. అయినా అది ప్రమాదమే.

సెంటర్ అంటే ఒకటే రకం కాదు

శరీరంలోంచి మత్తు దింపడాన్ని డీటాక్స్ అంటారు, అది కొద్ది రోజుల పని. మళ్లీ దాని జోలికి పోకుండా బతకడం నేర్చుకోవడం నెలల పని. "పది రోజులు ఉంచాం, బయటకొచ్చి మళ్లీ మొదలెట్టాడు, డబ్బులు దండగ" అన్నవాళ్లలో చాలామంది కొన్నది డీటాక్స్ మాత్రమే.

మొదటి తలుపు జిల్లా ఆస్పత్రి లేదా మెడికల్ కాలేజీ ఆస్పత్రిలోని సైకియాట్రీ ఓపీ. చాలామందికి అదే సరిపోతుంది, అడ్మిషన్ అక్కర్లేదు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆస్పత్రులు ఉన్నాయి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో వ్యసనాలకు ప్రత్యేక విభాగమే ఉంది. కొన్ని ప్రభుత్వాసుపత్రుల్లో కేంద్రం సాయంతో వ్యసన చికిత్స కేంద్రాలు నడుస్తున్నాయి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే సమగ్ర పునరావాస కేంద్రాలు ఇంకో రకం. ఆపైన ప్రైవేటు సెంటర్లు.

ఈ ప్రైవేటు సెంటర్లలో మంచివి ఉన్నాయి, భయపెట్టేవీ ఉన్నాయి. మా వీధిలో కుర్రాడిని అలాంటి ఒకచోట చేర్చారు. వారానికోసారి ఫోన్, అదీ పక్కన మనిషి నిలబడి వింటుండగా. "బాగున్నాను నాన్నా" తప్ప ఇంకేమీ అనలేదు. రెండు నెలల తర్వాత వచ్చినప్పుడు మణికట్టు చుట్టూ నల్లటి గీత ఉంది. మానసిక అనారోగ్యానికి మనిషిని ఉంచుకుని చికిత్స చేసే ఏ కేంద్రమైనా 2017 చట్టం కింద రిజిస్టర్ కావాలి. రోగిని గొలుసులతో కట్టడాన్ని ఆ చట్టం పూర్తిగా నిషేధించింది. ఇష్టం లేకుండా చేర్చడానికి తండ్రి సంతకం ఒక్కటే చాలదు. మనిషి తనకో ఇతరులకో ప్రమాదంగా మారాడనో, తన బాగోగులు తాను చూసుకోలేకపోతున్నాడనో ఇద్దరు నిపుణులు, అందులో ఒకరు సైకియాట్రిస్టు, విడివిడిగా పరీక్షించి చెప్పాలి. అప్పుడైనా మొదట 30 రోజుల వరకే.

బలవంతంగా చేర్చడం మీద కుటుంబాలకూ హక్కుల గురించి మాట్లాడేవాళ్లకూ పడదు. "వాడు ఒప్పుకునేదాకా ఆగితే శవాన్నే చూస్తాం" అంటారు తల్లులు. వాళ్లు రాత్రుళ్లు పడే టెన్షన్ తెలిసినవాళ్లెవరూ ఆ మాట తేలిగ్గా తీసుకోలేరు. మరోవైపు, తనంతట తాను వచ్చినవాడి దగ్గర కౌన్సెలింగ్ పనిచేసినంతగా ఈడ్చుకొచ్చినవాడి దగ్గర పనిచేయదని డాక్టర్లంటారు. చట్టం ఈ రెండిటి మధ్య ఒక దారి వేసింది. ఆ దారిలో నడిపించే సైకియాట్రిస్టులు జిల్లాల్లో తగినంత మంది లేకపోవడమే అసలు చిక్కు.

ఆ కొరత ఎంతో 2019లో ఎయిమ్స్ నిపుణులు కేంద్రానికి ఇచ్చిన జాతీయ సర్వే చూస్తే తెలుస్తుంది. మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. చట్టవిరుద్ధమైన మత్తులకు బానిసలైన 20 మందిలో ఒకరే ఆస్పత్రిలో చేరి చికిత్స పొందారు. దేశంలో గంజాయి, భంగు, చరస్ లాంటివి వాడేవాళ్లు 3.1 కోట్ల మంది అయితే మద్యం తాగేవాళ్లు సుమారు 16 కోట్ల మంది.

శిక్షా, సాగా, చికిత్సా: పెద్దల మధ్య నడుస్తున్న చర్చ

సొంతానికి కొద్దిగా దగ్గర పెట్టుకున్నవాళ్లను నేరస్థులుగా చూడొద్దని, బాధితులుగా చికిత్సకు పంపాలని 2021లో కేంద్ర సామాజిక న్యాయ శాఖే సూచించింది. అంతకు ముందు, 2020 డిసెంబరులో, ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్‌లో గంజాయిని అత్యంత ప్రమాదకరమైన జాబితా నుంచి తీసేసే ఓటింగులో భారత్ అనుకూలంగా ఓటేసింది. దీంతో గంజాయి చట్టబద్ధం అయిపోయిందని అప్పట్లో వాట్సాప్‌లో తిరిగిన ప్రచారం తప్పు. నియంత్రణ ఉండే మరో జాబితాలో అది ఇంకా ఉంది, మన చట్టమూ మారలేదు. శిక్ష భయం తగ్గితే కాలేజీల్లో వాడకం పెరుగుతుందని పోలీసు అధికారుల్లో చాలామంది ఆందోళన. శిక్ష భయమే చికిత్సకు అడ్డమని డాక్టర్లలో చాలామంది అనుభవం. నేను ఓపీ లైన్లో చూసింది రెండోదానికే సాక్ష్యం చెప్తుంది, అలాగని మొదటిది అబద్ధమని చెప్పలేను.

కొండ మీద చర్చ వేరు. తోట నరికినంత మాత్రాన సాగు ఆగదని అక్కడివాళ్లకు తెలుసు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచి పేరుంది. కానీ కాఫీ మొక్క కాపుకొచ్చి నాలుగు రూపాయలు చేతికి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, గంజాయికి ఆరు నెలలు చాలు. పైగా దాన్ని కొనే వ్యాపారి ఇంటి గుమ్మంలోకి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. పసుపు, రాజ్మా, మిరియాలు పండించమని చెప్పే అధికారి ఆ మూడేళ్లు ఇంటి ఖర్చు ఎలా గడవాలో, పంట ఎవరు కొంటారో కూడా చెప్పగలగాలి.

మళ్లీ మొదలుపెడితే

మానేసినవాళ్లలో సగం మందో అంతకంటే ఎక్కువమందో ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ ముట్టుకుంటారు. బీపీ, షుగరు రోగులు మందులు మానేసి మళ్లీ ఆస్పత్రికి వచ్చినట్టే ఇది కూడా. తేడా ఏమిటంటే షుగరు పెరిగినవాడిని ఇంట్లోంచి గెంటేయం. ఓపియాయిడ్లు వాడినవాళ్ల విషయంలో ఒక ప్రమాదం ఉంది: కొన్ని వారాలు మానేశాక శరీరానికి పాత అలవాటు పోతుంది, అప్పుడు పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. జైలు నుంచో సెంటర్ నుంచో బయటికొచ్చిన మొదటి వారాలు అందుకే ఎక్కువ ప్రమాదం.

ఎవరిని అడగాలో తెలియనివాళ్లకు కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 ఉంది, మానసిక సమస్యలకు టెలీమానస్ 14416 ఉంది, రెండూ ఉచితం. అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వడానికి ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908. చికిత్స కోసం చేసే ఫోను, ఫిర్యాదు కోసం చేసే ఫోను వేర్వేరు నంబర్లకు వెళ్తాయి.

ఆ రోజు కిటికీలోని అబ్బాయి తల ఎత్తకుండానే "ఇది ఆస్పత్రి అమ్మా, ఇక్కణ్ణుంచి ఎక్కడికీ పోదు" అన్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి కొడుకు వైపు చూసింది. కుర్రాడే ముందుకొచ్చి తన పేరు తాను చెప్పాడు.